ఆటోమేటిక్ పికప్‌లో టీసీఎం మార్చడం ఎలా? మార్చేముందు ఏం చూసుకోవాలి?

బాగా నడుస్తున్న ఆటోమేటిక్ పికప్ ఉన్నట్టుండి ఒకే గేరులో ఉండిపోతుంది. మీటర్లో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంది. బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర ఆగి మళ్లీ కదిలిస్తే బండి బరువుగా లాగుతుంది, ఊపు ఉండదు. పక్కకు ఆపి, ఆఫ్ చేసి, కాసేపాగి స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే నడుస్తుంది. మధ్యాహ్నం ఎండలో మళ్లీ అదే తంతు. ఇలాంటప్పుడు చాలామంది నోట మొదట వచ్చే మాట "టీసీఎం పోయింది", అంటే గేర్లు మార్చే ఎలక్ట్రానిక్ మాడ్యూలు చెడిందని.

నిజంగానే పోయి ఉండొచ్చు. కానీ ఆ మాట రుజువు కాకుండా మాత్రం మాడ్యూలు కొనకండి. అది ఖరీదైన భాగం. ఎలక్ట్రానిక్ సామాను ఒకసారి డబ్బా విప్పాక వెనక్కి తీసుకునే షాపులు తక్కువ. అసలు లోపం వైరులో ఉంటే కొత్తది పెట్టినా బండి అలాగే ఇరుక్కుంటుంది. నేను విజయవాడ ఆటోనగర్లో వైరింగ్, స్కానింగ్ పని చేస్తాను. మాడ్యూలు విప్పి బిగించడానికి పెద్దగా సమయం పట్టదు. దానికి ముందు చేసే పరీక్షలకు, తర్వాత చేసే ప్రోగ్రామింగ్‌కే ఓపిక కావాలి. అందుకే ఇక్కడ స్పానర్ పని గురించి తక్కువ, మిగతా వాటి గురించి ఎక్కువ రాస్తున్నాను. మీరే చేసుకున్నా, మెకానిక్ చేత ఎదురుగా చేయించుకున్నా ఇదే వరుసలో వెళ్లండి.

ముందు మీ బండిలో ఆ మాడ్యూలు ఎక్కడుందో తెలుసుకోండి

బొలెరో పికప్, టాటా యోధ లాంటివి మాన్యువల్ గేరు బండ్లు. వాటిలో టీసీఎం అనేదే ఉండదు. మన రోడ్ల మీద ఆటోమేటిక్ పికప్ అంటే ఎక్కువగా రెండే కనిపిస్తాయి. ఒకటి ఇసుజు డి-మ్యాక్స్ వి-క్రాస్. మన రాష్ట్రంలోనే, శ్రీసిటీ ఫ్యాక్టరీలో తయారవుతుంది. ఆటోమేటిక్ 2019లో వచ్చింది. రెండోది 2022లో వచ్చిన టొయోటా హైలక్స్. రెండింటిలోనూ 6 గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సే.

టీసీఎం అంటే ట్రాన్స్‌మిషన్ కంట్రోల్ మాడ్యూలు. గేరు లివర్ ఎక్కడుంది, యాక్సిలరేటర్ ఎంత తొక్కారు, గేర్‌బాక్సులోకి వచ్చే షాఫ్టు, బయటికి వెళ్లే షాఫ్టు ఎంత వేగంతో తిరుగుతున్నాయి, ఆయిల్ ఎంత వేడెక్కింది అన్నవి చూసుకుని, గేర్‌బాక్సు లోపలి సొలినాయిడ్లకు (కరెంటుతో పని చేసే ఆయిల్ వాల్వులు) కరెంటు పంపి గేర్లు మారుస్తుంది. ఇది అన్ని బండ్లలోనూ ఒకే చోట ఉండదు. కొన్నింటిలో డ్యాష్‌బోర్డు కిందో, సీటు కిందో, ఇంజిన్ బేలోనో విడి పెట్టెగా ఉంటుంది. కొన్నింటిలో విడిగా లేకుండా ఇంజిన్‌ను నడిపే మాడ్యూలు ఈసీఎంలోనే కలిసి ఉంటుంది. ఇంకొన్నింటిలో గేర్‌బాక్సు లోపల, ఆయిల్లో మునిగి ఉంటుంది. అమెరికాలో తిరిగే షెవర్లే సిల్వరాడో 6 స్పీడ్ గేర్‌బాక్సు అలాంటిదే. అక్కడ మాడ్యూలు మార్చాలంటే ఆయిల్ దించి, ప్యాన్ విప్పాలి. మీ మోడలు, తయారీ సంవత్సరం, ఇంజిన్ బట్టి సర్వీస్ మాన్యువల్లో వైరింగ్ బొమ్మ తెప్పించుకోండి. అది చేతిలో లేకుండా కప్లర్లో (మాడ్యూలుకు వైర్లు తగిలించే సాకెట్) ఏ పిన్ను దేనిదో ఊహించి పరీక్షించవద్దు. ఇక్కడ చెప్పేది విడి పెట్టెగా ఉండే మాడ్యూలు గురించి.

బండి వారంటీలో ఉంటే ఇక్కడితో ఆపి షోరూముకు తీసుకెళ్లండి. బయట వైరు కోసినా, మాడ్యూలు విప్పినా ఆ భాగం మీద వారంటీ ఇవ్వమనడానికి వాళ్లకు కారణం దొరుకుతుంది.

ఈ స్థితిలో బండిని ఎలా తీసుకురావాలి

గేరు ఇరుక్కోవడం అంటే గేర్‌బాక్సు తనను తాను కాపాడుకుంటోందని అర్థం. దాన్నే లింప్ మోడ్ అంటారు. నెమ్మదిగా, లోడు దించేసి, దగ్గర్లోని వర్క్‌షాపు దాకా నడపొచ్చు. గుంటూరు మిర్చి యార్డు నుంచి బస్తాలతో బయల్దేరి ఇలా అయితే, సరుకు వేరే బండిలో పంపేయండి. లోడుతో ఒకే గేరులో లాగించుకుంటూ వస్తే ఆయిల్ మాడిపోయి, మాడ్యూలుతో పోయేది గేర్‌బాక్సు దాకా వస్తుంది. ఇంజిన్ రేజ్ అవుతూ బండి మాత్రం ముందుకు కదలకపోతే అసలు నడపవద్దు. చక్రాలు నేల మీద ఉంచి తాడు కట్టి లాగించవద్దు. ఇంజిన్ ఆగి ఉంటే గేర్‌బాక్సు లోపల పంపు తిరగదు, ఆయిల్ అందదు. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్ బండినే పిలిపించండి.

కోడ్లు చదవండి, వెంటనే చెరపవద్దు

లోపం వచ్చినప్పుడు మాడ్యూళ్లు దాన్ని ఒక కోడు నంబరుగా దాచుకుంటాయి. వాటిని చదివే స్కానర్ తగిలించడానికి స్టీరింగ్ కింద ఓబీడీ సాకెట్ ఉంటుంది. ఫోనుకు కలిసే చిన్న బ్లూటూత్ రీడరు చాలాసార్లు ఇంజిన్ కోడ్లే చూపిస్తుంది. గేర్‌బాక్సు, ఏబీఎస్ మాడ్యూళ్లను కూడా తెరిచే స్కానర్ కావాలి. అన్ని మాడ్యూళ్లలోని కోడ్లూ, లోపం వచ్చిన క్షణంలో అవి దాచుకున్న రీడింగులూ (ఫ్రీజ్ ఫ్రేమ్ డేటా) ఫోటో తీసి పెట్టుకోండి. ఇదంతా అయ్యేదాకా "క్లియర్" బటన్ జోలికి పోకండి.

పి0700 ఒక్కటే కనిపిస్తే దాని అర్థం "గేర్‌బాక్సు వైపు ఏదో ఉంది, అక్కడ చూడు" అని మాత్రమే. దాన్ని చూసి మాడ్యూలు మార్చేవాళ్లున్నారు, అది తప్పు. పి0715 వస్తే ఇన్‌పుట్ స్పీడ్ సెన్సర్ సర్క్యూట్, పి0720 అయితే అవుట్‌పుట్ స్పీడ్ సెన్సర్, పి0750 వరుస అయితే షిఫ్ట్ సొలినాయిడ్లు, పి0562 అయితే వోల్టేజీ తక్కువైందని. వీటిలో ఏది వచ్చినా మొదట ఆ సెన్సర్, దాని వైరు చూడాలి.

మాడ్యూలు మీద అనుమానం బలపడేది పి0601, పి0604, పి0606, పి0613 లాంటి కోడ్లతో. ఇవి మాడ్యూలు తన మెమరీలో, ప్రాసెసర్లో తానే పట్టుకున్న లోపాలు. యు0101 అంటే మిగతా మాడ్యూళ్లకు టీసీఎం నుంచి జవాబు రావడం లేదని. ఇది మాడ్యూలు చచ్చిపోయినా వస్తుంది, దానికి కరెంటు అందకపోయినా వస్తుంది. ఈ రెండింటినీ వేరు చేయడమే అసలు పని.

ఒకదానికొకటి సంబంధం లేని నాలుగైదు కోడ్లు ఒకేసారి పడితే నేను ముందు ఎర్త్‌నే అనుమానిస్తాను. అలాగే ఆయిల్ మాడిన వాసన, ఒక్క గేరు మాత్రమే జారడం, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు రివర్స్ ఆలస్యంగా పడటం ఉంటే అది గేర్‌బాక్సు లోపలి జబ్బు. మాడ్యూలు మారిస్తే పోదు.

బ్యాటరీ నుంచి మొదలుపెట్టండి

ఇంజిన్ ఆపి కొన్ని గంటలు అయ్యాక బ్యాటరీ దగ్గర 12.6 వోల్టుల చుట్టూ ఉండాలి. సెల్ఫ్ కొట్టేటప్పుడు 10 వోల్టుల కంటే కిందికి పడిపోతుంటే బ్యాటరీ బలహీనపడింది. ఇంజిన్ నడుస్తుంటే మామూలు ఆల్టర్నేటర్ 13.8 నుంచి 14.5 మధ్య ఇస్తుంది. టెర్మినళ్ల మీద తెల్లపొడి ఉంటే వేణ్నీళ్లతో కడిగి, తుడిచి, బిగించండి. ఫ్యూజుబాక్సులో టీసీఎం ఫ్యూజు, రిలే చూడండి. ఫ్యూజును కంటితో చూసి వదిలేయకుండా తీసి మీటరుతో పరీక్షించండి, కాళ్ల దగ్గర నల్లబడిందేమో చూడండి.

తర్వాత ఎర్త్. మీటరు నల్ల వైరును బ్యాటరీ మైనస్ పోస్టుకే నేరుగా పెట్టండి, బాడీకి కాదు. ఎర్ర వైరును టీసీఎం కప్లర్‌కు వెనక వైపు నుంచి, ఎర్త్ పిన్నుకు సన్నని ప్రోబ్‌తో తాకించండి. కప్లర్ పెట్టే ఉండాలి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉండాలి. 0.1 వోల్టు లోపు చూపిస్తే ఎర్త్ బాగుంది. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తే ఎర్త్ ఎక్కడో వదులైంది. ఆ బోల్టు వెతికి విప్పి, కింద రంగు, తుప్పు గీకి, మళ్లీ బిగించండి. ఫాగ్ లైట్లకో, హారన్‌కో, మ్యూజిక్ సిస్టమ్‌కో వేసిన అదనపు ఎర్త్‌లు అదే బోల్టుకు కలిపి ఉంటే వేరే చోటికి మార్చండి.

మీటరు ఒక విషయంలో మోసం చేస్తుంది. వైరు లోపల ఇరవై తీగలు తెగి ఒక్క తీగ మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. మీటరు కరెంటు లాగదు కాబట్టి దానికి తేడా తెలియదు. అందుకే ఇగ్నిషన్ ఆపి టీసీఎం కప్లర్ విప్పి, మళ్లీ ఇగ్నిషన్ ఆన్ చేసి, పవర్ పిన్నుకూ ఎర్త్ పిన్నుకూ మధ్య ఇండికేటర్‌లో వాడే 21 వాట్ల బల్బు పెట్టి చూడండి. బల్బు నిండుగా వెలిగితే ఆ రెండు వైర్లూ పని చేస్తున్నాయి. ఎర్రగా మినుకుమంటే లోపం అక్కడే ఉంది, మాడ్యూలులో కాదు. ఈ బల్బును పవర్, ఎర్త్ పిన్నుల మధ్య తప్ప మరే పిన్నుకూ తాకించవద్దు. సిగ్నల్ వైరుకు తాకిస్తే బాగున్న మాడ్యూలు కూడా కాలుతుంది.

కప్లర్‌ను తీరిగ్గా చూడండి

ఈ పనికి మంచి టార్చిలైటు, భూతద్దం ఉంటే చాలు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగినప్పుడు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డ బండ్లు ఎన్నో ఉన్నాయి. అలాంటి బండి ఎండబెట్టి, సీట్లు మార్చి, స్టార్ట్ చేస్తే నడిచేస్తుంది. కప్లర్ లోపల చేరిన తేమ మాత్రం పని ఆపదు. నెలలు గడిచాక రాగి మీద ఆకుపచ్చ పొడి పేరుకుంటుంది. కప్లర్ పక్కకు తిప్పి వెలుతురు వేస్తే మంచి పిన్ను మెరుస్తుంది. చెడిన పిన్ను మొదట మసకగా, తర్వాత పసుపుపచ్చ పొట్టు అంటినట్టు, చివరకు ముదురు ఆకుపచ్చగా కనిపిస్తుంది. వైరు పిన్నులోకి దిగే చోట ప్లాస్టిక్ తొడుగు ఉబ్బి ఉంటే, నీళ్లు వైరు లోపలి నుంచే ఎక్కాయని అర్థం. అప్పుడు పిన్ను శుభ్రం చేస్తే చాలదు, ఆ వైరు ముక్క మార్చాలి.

బండి మునగకపోయినా నీళ్లు చేరతాయి. అద్దం చుట్టూ రబ్బరు చెడి కారే వాన నీళ్లు, ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుపోయి లోపలికి కారే నీళ్లు, వాటర్ సర్వీసింగ్‌లో ఇంజిన్ మీద కొట్టే ప్రెషర్ నీళ్లు, అన్నీ కప్లర్ల మీదికే పోతాయి. మ్యాటు ఎత్తి కింద స్పాంజి తడిగా ఉందేమో చేత్తో నొక్కి చూడండి.

ఆడ పిన్నులు వదులయ్యాయేమో కూడా చూడాలి. అదే సైజు మగ పిన్నును విడిగా సంపాదించి ఒక్కో దానిలో దూర్చి లాగండి. కొంచెం పట్టుకుని వదలాలి. జారిపోతే ఆ పిన్ను సాగింది. ఎవరో ఇంతకుముందు మీటరు లావు ప్రోబ్ గుచ్చి పరీక్షించి ఉంటారు. దాన్ని సన్నని పనిముట్టుతో బిగించవచ్చు, మార్చడం ఇంకా మేలు.

గోడౌన్ల దగ్గర, కోళ్ల షెడ్ల దగ్గర ఆపే బండ్లలో ఎలుకలు వైర్లు కొరకడం మామూలే. గేర్‌బాక్సు మీదుగా పోయే వైరింగ్‌ను లిఫ్ట్ మీద ఎక్కించి చేత్తో తడుముతూ చివరిదాకా చూడండి. సైలెన్సర్ పైపుకు ఆనుకుని కరిగిన చోట్లు కూడా అప్పుడే దొరుకుతాయి.

కాన్ లైను, అంటే మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్ల జత కోసం ఒక చిన్న పరీక్ష. బ్యాటరీ మైనస్ విప్పి, ఓబీడీ సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య రెసిస్టెన్స్ చూడండి. 60 ఓముల చుట్టూ ఉంటే లైను బాగుంది. 120 చూపిస్తే ఎక్కడో తెగింది. సున్నా దగ్గర చూపిస్తే రెండు వైర్లూ కలిసిపోయాయి. మధ్యలో గేట్‌వే మాడ్యూలు (సాకెట్‌నూ లోపలి లైన్లనూ వేరు చేసేది) ఉన్న బండ్లలో ఈ సాకెట్ దగ్గరి లెక్క గేర్‌బాక్సు వైపు లైనుకు వర్తించదు, వైరింగ్ బొమ్మ చూసి అసలు లైను మీదే కొలవాలి.

తప్పు జరిగే క్షణంలో పట్టుకోండి

ఇదే చివరి రుజువు. ఎండకు ఇరుక్కునే బండిని పొద్దున చూసి లాభం లేదు. మే నెలలో 44, 45 డిగ్రీల ఎండలో, లోపం వచ్చినప్పుడే చూడాలి. స్కానర్‌ పెట్టి టీసీఎం డేటా చూస్తూ, పక్కనే మీటరును మాడ్యూలు పవర్, ఎర్త్ పిన్నులకు కలిపి ఉంచండి. ఒకరు నడిపితే ఒకరు చూడాలి. స్కానర్‌కు టీసీఎం జవాబు ఆగిపోయిన ఆ క్షణంలో మీటరు మీద 12 వోల్టులకు పైగా నిలకడగా ఉంటే, కాన్ లైను కూడా బాగుంటే, మాడ్యూలు పోయినట్టే. ఆ క్షణంలో వోల్టేజీ పడిపోతే మాడ్యూలుకు పాపం లేదు, కరెంటు తెచ్చే దారి చూడండి.

మాడ్యూలు పోయిందని తేలాక ఇంకో ప్రశ్న మిగులుతుంది: ఎందుకు పోయింది? ఇది తెలియకుండా కొత్తది పెట్టవద్దు. గేర్‌బాక్సు కప్లర్ దగ్గర ఒక్కో సొలినాయిడ్ రెసిస్టెన్స్ కొలిచి మాన్యువల్లోని అంకెతో పోల్చండి. ఏదైనా సొలినాయిడ్ షార్టయి ఉంటే అది పాత మాడ్యూలును కాల్చినట్టే కొత్తదాన్నీ కాలుస్తుంది. జంప్ స్టార్ట్ చేసేటప్పుడు ప్లస్, మైనస్ తారుమారయ్యాయా అని అడగండి. మన ఆటోనగర్లో ఇంకో కారణం ఎక్కువ: పికప్ తొట్టికి గ్రిల్లో, కేరియరో వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ విప్పకపోవడం. వెల్డింగ్ ఎర్త్ దూరంగా తగిలిస్తే ఆ కరెంటు బండి వైరింగ్ గుండా దారి వెతుక్కుంటుంది. బాడీ పని ఎవరి దగ్గర చేయించినా బ్యాటరీ మైనస్ విప్పించండి, ఎర్త్ క్లాంపు వెల్డింగ్ చేసే చోటికి దగ్గరగానే పెట్టించండి.

కొత్త మాడ్యూలు కొనేటప్పుడు

పాత మాడ్యూలు మీద స్టిక్కర్ ఫోటో తీయండి. పార్ట్ నంబరు, అందులోని సాఫ్ట్‌వేర్ నంబరు, బండి చాసిస్ నంబరు మూడూ చూపించి షోరూము పార్ట్స్ కౌంటర్లో అడగండి. పార్ట్ నంబరులో చివరి అక్షరం తేడా ఉన్నా అది వేరే ఇంజిన్‌కో, 2 వీల్ డ్రైవ్‌కో చెందినది కావచ్చు. పాత నంబరు రద్దయి కొత్త నంబరు వచ్చి ఉంటే వాళ్ల సిస్టమ్‌లో కనిపిస్తుంది.

సెకండ్ హ్యాండ్ మాడ్యూలు చవగ్గా దొరుకుతుంది. నా సలహా మాత్రం కొత్తదే. చాలా మాడ్యూళ్లు మొదటి బండి చాసిస్ నంబరుతో ముడిపడి ఉంటాయి, రెండో బండికి రాయనివ్వవు. కొనక తప్పకపోతే, మీ బండికి ప్రోగ్రామ్ చేసి నడిపి చూపించాకే డబ్బులిచ్చేలా మాట్లాడుకోండి. మూత అంచుల్లో, పిన్నుల అడుగున ఎండిన బురద ఆనవాలు ఉంటే అది మునిగిన బండిది. ఎంత తక్కువకిచ్చినా వద్దు.

పాతది విప్పేముందు దానిలో ఉన్నది దాచండి

పాత మాడ్యూలు అప్పుడప్పుడైనా స్కానర్‌కు జవాబిస్తుంటే, అది జవాబిచ్చే సమయం చూసి దానిలోని సమాచారం తీసి పెట్టుకోండి. కంపెనీ స్కానర్లలో మాడ్యూలు మార్పిడి కోసమే ఒక మెనూ ఉంటుంది. చాసిస్ నంబరు, 4 వీల్ డ్రైవా కాదా, టైరు సైజు, ఇలాంటి సెట్టింగులు పాతదాని నుంచి చదివి కొత్తదానిలో రాస్తుంది. కొన్ని గేర్‌బాక్సుల మీద, సొలినాయిడ్ల తేడాలు సరిదిద్దే విలువలతో క్యూఆర్ కోడో, పొడుగాటి నంబరో ఉన్న స్టిక్కర్ ఉంటుంది. మీ గేర్‌బాక్సు మీద అలాంటిది ఉంటే మట్టి తుడిచి ఫోటో తీయండి. తర్వాత అడిగితే బండి మళ్లీ లిఫ్ట్ ఎక్కించాల్సి వస్తుంది.

విప్పడం, బిగించడం

బండిని సమతలం మీద పెట్టి, పార్క్‌లో వేసి, హ్యాండ్ బ్రేక్ లాగి, చక్రాలకు అడ్డు పెట్టండి. ఇగ్నిషన్ ఆపి, తాళం దూరంగా పెట్టి, మాడ్యూళ్లన్నీ నిద్రపోవడానికి పది నిమిషాలు ఆగండి. 10 నంబరు స్పానర్‌తో బ్యాటరీ మైనస్ విప్పి, టెర్మినల్ మళ్లీ తాకకుండా గుడ్డ చుట్టండి. మాడ్యూలు ఎయిర్‌బ్యాగ్ వైర్ల దగ్గర ఉంటే మరికాసేపు ఆగండి. పసుపుపచ్చ కప్లర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోవద్దు.

మాడ్యూలు పట్టుకునేముందు బాడీ ఇనుప భాగాన్ని చేత్తో తాకండి, ఒంట్లోని స్టాటిక్ కరెంటు దిగిపోతుంది. కప్లర్ లాక్ మీటను పూర్తిగా ఎత్తాకే కప్లర్ దానంతట బయటికి వస్తుంది. వైర్లు పట్టుకుని లాగవద్దు, స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తవద్దు. రెండు మూడు బోల్టులు లేదా నట్లు విప్పితే మాడ్యూలు చేతిలోకి వస్తుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి పిన్నుల సంఖ్య, బ్రాకెట్ రంధ్రాలు, పార్ట్ నంబరు మరోసారి పోల్చండి. కొత్తదాని పిన్నులు వేలితో తాకవద్దు.

కప్లర్ నేరుగా దూర్చి మీట వాలిస్తే టక్ మని లాక్ పడాలి. బలవంతం చేయాల్సి వస్తే తీసి చూడండి, ఏదో పిన్ను వంగింది. రబ్బరు సీలు చోటు తప్పకుండా ఉండాలి. వైరింగ్ కట్ట ముందు ఎలా ఉందో అలాగే కట్టండి. వైరు కిందికి వంగి తర్వాత పైకెక్కి మాడ్యూలులోకి దిగేలా ఉంటే, నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి.

ప్రోగ్రామింగ్ దగ్గర తొందర వద్దు

చాలా బండ్లలో కొత్త మాడ్యూలు ఖాళీగా వస్తుంది. ప్రోగ్రామ్ చేయకపోతే స్టార్ట్ కూడా కాకపోవచ్చు, లేదా స్టార్టయి గేరు పడకపోవచ్చు. కంపెనీ స్కానర్, లేదా ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో పని చేసే మంచి పరికరం ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి.

సాఫ్ట్‌వేర్ రాస్తున్నప్పుడు వోల్టేజీ పడినా, కనెక్షన్ తెగినా కొత్త మాడ్యూలు అక్కడికక్కడే పనికిరాకుండా పోవచ్చు. అందుకని బ్యాటరీకి నిలకడగా 13 వోల్టులకు పైగా ఇచ్చే స్టెబిలైజ్డ్ సప్లయ్ పెట్టించండి. మామూలు బ్యాటరీ చార్జరు చాలదు, దాని వోల్టేజీ ఊగుతుంది. కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం కాబట్టి ఆ సప్లయ్‌ని ఇన్వర్టర్ మీద నడిపించమనండి, ల్యాప్‌టాప్ చార్జింగ్ నిండుగా ఉందో లేదో అడగండి. ఏసీ, లైట్లు, బ్లోయర్ ఆపాలి. డోరు తెరిచి మూయడం కూడా వద్దు. స్క్రీన్ మీద నూటికి నూరు శాతం వచ్చి, ఇగ్నిషన్ ఆఫ్ ఆన్ చేయమని అడిగేదాకా ఎవరూ బండిని కదపకూడదు. వైఫై కంటే కేబుల్ కనెక్షన్ మేలు.

తర్వాత చాసిస్ నంబరు, బండి వేరియంటు సెట్టింగులు రాయించండి. క్యూఆర్ స్టిక్కర్ ఉంటే ఆ విలువలు కూడా. ఇవి రాయకపోతే బండి నడుస్తుంది కానీ ప్రతి గేరుకూ జర్కు ఇస్తుంది. అప్పుడు యజమాని గేర్‌బాక్సే పోయిందని టెన్షన్ పడతాడు.

బండికి గేర్లు నేర్పించడం

కొత్త మాడ్యూలుకు మీ గేర్‌బాక్సు అలవాటు తెలియదు. ఎంత ప్రెషర్ ఇస్తే ఏ క్లచ్ ఎంతసేపట్లో పట్టుకుంటుందో అది నేర్చుకోవాలి. స్కానర్‌లో పాత లెర్నింగ్ విలువలు రీసెట్ చేసి, మాన్యువల్ చెప్పిన ఉష్ణోగ్రతకు ఆయిల్ వేడెక్కేదాకా నడపండి. ఆయిల్ లెవెల్ కూడా అప్పుడే చూడాలి. డిప్‌స్టిక్ లేని గేర్‌బాక్సుల్లో ఇంజిన్ నడుస్తుండగా, చెప్పిన ఉష్ణోగ్రతలో, లెవెల్ ప్లగ్ విప్పి సన్నగా కారుతోందో లేదో చూస్తారు. ఆయిల్ కలపాల్సి వస్తే కంపెనీ చెప్పిన రకమే పోయండి.

ముందు నిలబెట్టి నేర్పాలి. చక్రాలకు అడ్డు ఉంచి, బ్రేకు గట్టిగా తొక్కి, న్యూట్రల్ నుంచి డ్రైవ్‌కు, మళ్లీ న్యూట్రల్‌కు, అక్కడి నుంచి రివర్స్‌కు, ఒక్కో చోట కొన్ని సెకన్లు ఆగుతూ మారుస్తారు. ఎన్నిసార్లు, ఎంతసేపు అన్నది మీ మోడలు మాన్యువల్ ప్రకారం. బండి ముందు ఎవరూ నిలబడకూడదు.

తర్వాత రోడ్డు. తెల్లవారుజామున ట్రాఫిక్ లేనప్పుడు వెళ్లండి. మొదట ఆటోనగర్ లోపలి వీధుల్లో ఒకటి, రెండు, మూడు గేర్లు చూసుకుని, అప్పుడు వారధి దాటి తాడేపల్లి, మంగళగిరి వైపు హైవే ఎక్కండి. గుంటూరు వాళ్లకు చిలకలూరిపేట వైపు హైవే అనువుగా ఉంటుంది. యాక్సిలరేటర్ కొద్దిగా, ఒకే తీరుగా తొక్కి పట్టుకుని గేర్లన్నీ దానంతట మారనివ్వండి. టాప్ గేరులో కొంతసేపు నడిపి, పక్క లేనులోకి వచ్చి, కాలు తీసి, గట్టిగా బ్రేకు కొట్టకుండా నెమ్మదించనివ్వండి. పూర్తిగా ఆగి మళ్లీ మొదలుపెట్టండి. మొదట్లో రెండు మూడు గేర్ల మధ్య చిన్న తట్టు తెలుస్తుంది. తిరిగేకొద్దీ అది మెత్తబడుతుంది. ఏబీఎస్, స్టెబిలిటీ లైట్లు వెలగడం లేదు కదా అని మీటరు మీద కన్నేసి ఉంచండి. గేరు మారే చోట ఇంజిన్ ఒక్కసారిగా రేజయి, తర్వాత దబ్బున పడుతుంటే నేర్చుకుంటుందిలే అని సాగించవద్దు. ఆపి ఆయిల్ లెవెల్, వేరియంటు సెట్టింగులు మళ్లీ చూడండి.

అప్పగించుకునే ముందు

తిరిగి వచ్చాక అన్ని మాడ్యూళ్లలోని కోడ్లు చెరిపి, ఇంకోసారి చిన్న రౌండు వేసి, మళ్లీ స్కాన్ చేయించండి. ఇంజిన్, ఏబీఎస్ మాడ్యూళ్లలో పాత యు0101 చెరపకుండా మిగిలిపోతే రేపు ఇంకెవరో దాన్ని చూసి మళ్లీ అదే పాట మొదలుపెడతారు. బిల్లులో కొత్త మాడ్యూలు పార్ట్ నంబరు, రాసిన సాఫ్ట్‌వేర్ నంబరు, తేదీ, కిలోమీటర్లు రాయించండి. వారం నడిపాక, ఒకసారి లోడుతో కూడా తిప్పాక, మరోసారి స్కాన్ చేయించండి. అప్పటిదాకా పాత మాడ్యూలును కవరులో చుట్టి మీ దగ్గరే ఉంచుకోండి. మళ్లీ అదే లోపం వస్తే, సమాచారం రాబట్టడానికీ, పోల్చి చూడటానికీ అదే అక్కరకొస్తుంది.